మా ఇంట్లో ముగ్గురూ మా పిల్లలే

కన్నబిడ్డలూ, పెంచుకున్న బిడ్డా కలిసి పెరిగిన ఇల్లు ఎలా ఉంటుందో రాయమని సంపాదకులు అడిగారు. నేను రచయిత్రిని కాను. ప్రైమరీ స్కూల్లో ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి 2018లో రిటైరయిన పంతులమ్మను. అందుకని కథలా కాక, పిల్లలకు పాఠం చెప్పినట్టు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది మద్రాసు పెరంబూరు. మావారి పెద్దలది ఒంగోలు దగ్గర పల్లె. 1878 జూలైలో, పెద్ద కరువు నాటి రోజుల్లో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి ఆ ప్రాంతపు క్రైస్తవులకు తెలిసిందే. ఆ రోజు ఏట్లో దిగిన వాళ్ళలో తమ ముత్తాత ఒకరని మా మామగారు చెప్పేవారు. 1955లో పెరంబూరులో రైలు పెట్టెల ఫ్యాక్టరీ మొదలైన కొత్తలో ఆయన ఫిట్టరుగా ఇక్కడికి వచ్చారు. తర్వాత మావారూ అందులోనే చేరారు. వీధిలో తమిళం, గుడిలో తెలుగు, ఇంట్లో ఒంగోలు యాస. ఇదీ మా కాపురం.

మాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు 1985లో, నడిపమ్మాయి 1989లో పుట్టారు. చిన్నది 1994 డిసెంబరులో ఎవరికో పుట్టి, 1995 మార్చిలో మూడు నెలల పసిగుడ్డుగా మా ఇంటికి వచ్చింది.

ఎందుకు పెంచుకున్నాం?

పిల్లలు లేకనా అంటే కాదు. ఇద్దరున్నారు. పుణ్యం కోసమా అంటే అదీ కాదు. మా గుడిలో స్త్రీల సమాజం వాళ్ళం ఏటా క్రిస్మస్ ముందు ఒక శిశుగృహానికి బట్టలు, పిండివంటలు తీసుకెళ్ళేవాళ్ళం. 1993 డిసెంబరులో వెళ్ళినప్పుడు ఊయలలన్నీ నిండి ఉన్నాయి. దాదాపు అందరూ ఆడపిల్లలే. ఆ రోజుల్లో సేలం, మదురై ప్రాంతాల్లో పుట్టిన ఆడబిడ్డల్ని ఏం చేస్తున్నారో పత్రికల్లో చదివితే అన్నం దిగేది కాదు. 1992లో తమిళనాడు ప్రభుత్వం సేలంలో ఊయల బిడ్డల పథకం పెట్టింది. బిడ్డ ప్రాణం తీయకండి, ఊయలలో వదిలి వెళ్ళండి, పెంచే భారం మాది అని దాని సారాంశం. ప్రభుత్వమే ఊయల కట్టాల్సి వచ్చిన కాలం అది.

ఇంటికొచ్చాక నేనూ మావారూ చాలా రోజులు దాన్ని గురించే మాట్లాడుకున్నాం, ప్రార్థన చేసుకున్నాం. ఆయన క్యాలెండరు కాగితం వెనక పాలడబ్బా ఎంత, స్కూలు ఫీజు ఎంత అని లెక్కలు కూడా వేశారు. ప్రార్థన వేరు, లెక్క వేరు. రెండూ కావాలి.

మా అత్తయ్యకు ఇది నచ్చలేదు.

"కన్నవాళ్ళు ఇద్దరున్నారు గదా, ఇంకా దేనికిరా? ఏ రక్తమో ఏమో."

"మోషేని పెంచింది ఎవరమ్మా?" అన్నారు మావారు.

"ఫరో కూతురు. ఆమెకి వాకిలి నిండా దాసీలు. నీ పెళ్ళానికి ఎవరున్నారు?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు ఆమే చెప్పింది. బిడ్డ వచ్చిన నాలుగో రోజున కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి, ఆముదం రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసింది. "ఎముకలు గట్టివే, నిలబడుద్దిలే" అంది. రక్తం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత ఆ పిల్లకు నీళ్ళు పోసే పని ఇంకెవరికీ ఇవ్వనూ లేదు.

కాగితం మీద మేం ఎవరం?

బిడ్డను ఇచ్చే ముందు సంస్థ తరఫున ఒక సోషల్ వర్కరు మా ఇంటికి వచ్చింది. మా జీతాలు, ఆరోగ్యం, ఇల్లు అన్నీ చూసింది. పిల్లలిద్దరితో విడిగా మాట్లాడింది. "నీకు చెల్లి వస్తే ఏమిస్తావు?" అంటే మా పెద్దవాడు, "సైకిలు తప్ప ఏదైనా ఇస్తా" అన్నాడట. ఈ మాట ఆమె రిపోర్టులో రాసిందో లేదో గాని, మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

కోర్టు ఉత్తర్వు చేతికి వచ్చాక మావారు దాన్ని రెండు సార్లు చదివారు. తండ్రి అన్న మాట ఎక్కడా లేదు. సంరక్షకుడు అని ఉంది. వకీలు గారు వివరించారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులకు, సిక్కులకు, జైనులకు, బౌద్ధులకు వర్తిస్తుంది. క్రైస్తవులకు, ముస్లిములకు, పార్సీలకు, యూదులకు అలాంటి చట్టం లేదు. వాళ్ళు బిడ్డను తెచ్చుకోవాలంటే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద గార్డియన్‌గా ఉండాలి. బిడ్డకు మైనారిటీ తీరగానే కాగితం మీద ఆ బంధం కూడా తీరిపోతుంది. ఆస్తిలో వారసత్వం దానంతట అది రాదు.

అందరికీ ఒకే దత్తత చట్టం తేవాలని 1972లోనూ, 1980లోనూ పార్లమెంటులో బిల్లులు పెట్టారు. అవి చట్టాలు కాలేదు. 1956 చట్టంలోనూ ఒక మెలిక ఉంది. ఇంట్లో కూతురున్న వాళ్ళు ఆ చట్టం కింద ఇంకో కూతుర్ని దత్తత తీసుకోరాదు. మా పక్కింటి నాయుడుగారి భార్య, "మీరు మాలాంటి వాళ్ళయితే ఈ బాధ ఉండేది కాదు గదా వదినా" అని జాలిపడింది. ఆమెకూ ఒక ఆడపిల్ల ఉంది. ఆమె అయినా మా చిన్నదాన్ని ఆ చట్టం కింద తెచ్చుకోలేదని తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం. చట్టాలు చేసేవాళ్ళకు రెండో ఆడపిల్ల అక్కర్లేకపోయింది కాబోలు!

ఇంట్లో రోజులు

చాలామంది అడిగేది ఒకటే. ముగ్గురినీ ఒకేలా చూశారా అని. ఒకేలా చూడడం అంటే ముగ్గురికీ ఒకే కొలత గౌను కుట్టించడం కాదు గదా. పెద్దవాడికి ఆకలెక్కువ, నడిపమ్మాయికి అలకెక్కువ, చిన్నదానికి జలుబెక్కువ. ఎవరికేది కావాలో అది. కాని కొన్నిట్లో మాత్రం ఖచ్చితంగా ఉండేవాళ్ళం. వేసవిలో కార్పొరేషన్ నీళ్ళ లారీ వస్తే ముగ్గురికీ మూడు బిందెలు, వయసును బట్టి పెద్దవీ చిన్నవీ. చిన్నదానికి నాలుగేళ్ళప్పుడే చెంబంత ప్లాస్టిక్ బిందె కొనిచ్చాం. "పాపం, ఆ పిల్లతో పని చేయిస్తున్నారే" అని వీధిలో ఒకరన్నారు. మిగతా ఇద్దరూ మోస్తుంటే వాళ్ళకు పాపం అనిపించలేదు. పని చెప్పకుండా కూర్చోబెడితే అది చుట్టపు పిల్ల అవుతుంది గాని ఇంటి పిల్ల అవదు.

రాత్రి ఎనిమిదింటికి చాప పరిచి కుటుంబ ప్రార్థన. ఒక్కో రోజు ఒక్కొక్కరు కీర్తన ఎంచాలి, ఒకరు వాక్యం చదవాలి. చిన్నది అక్షరాలు నేర్చింది ఆ చాప మీదే, నాయనమ్మ పెద్దక్షరాల బైబిల్లో వేలు పెట్టి. దానివల్ల ఐదేళ్ళ పిల్ల నోట గ్రాంథికం వచ్చేది. బడి నుంచి రాగానే "అమ్మా, నాకు ఆకలియగుచున్నది" అనేది. అన్నా అక్కా పడి పడి నవ్వేవాళ్ళు.

కరెంటు పోతే ప్రార్థన ఇంకా పెద్దదయ్యేది, ఎందుకంటే హోంవర్కు చేయనక్కర్లేదు గదా! ప్రార్థన మధ్యలో గిచ్చుకోవడం, నాన్న పక్కన ఎవరు కూర్చోవాలని తోసుకోవడం అన్నీ ఉండేవి. క్రిస్మస్ ముందు వారమంతా గులాబీ పువ్వులు, కజ్జికాయలు, అరిసెలు. గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచే పని పెద్దవాడిది, కజ్జికాయల అంచు మడత పెట్టే పని నడిపమ్మాయిది, విరిగినవి తినే పని చిన్నదానిది. ఆ పనికోసం కొన్ని కావాలనే విరిగేవి.

దెబ్బలాటలూ తక్కువేం కాదు. ఒకసారి నడిపమ్మాయి కోపంలో "నువ్వు మా ఇంట్లో పుట్టలేదు" అనేసింది. చిన్నదానికి అప్పుడు ఆరేళ్ళు. తడుముకోకుండా, "నువ్వు పుట్టావు, ఎవర్నీ అడక్కుండా పుట్టావు. నన్ను అమ్మా నాన్నా వెతికి తెచ్చుకున్నారు" అంది. మావారు ఇద్దర్నీ పిలిచి, "ఇద్దర్నీ దేవుడే ఇచ్చాడు, ఇద్దరూ గుంజీళ్ళు తీయండి" అన్నారు. ఇద్దరూ పది పది తీశారు.

చెప్పాలా, దాచాలా?

ఈ విషయంలో మా పెద్దల్లో చాలామంది "చెప్పకండి, మనసు విరుగుద్ది" అన్నారు. మేం మొదటి నుంచీ చెప్పాం. మాటలు రాని వయసులో ఊయల ఊపుతూనే, "మా బంగారు తల్లి మార్చి నెల్లో ఆటో ఎక్కి ఇంటికొచ్చింది" అని పాటలా అల్లి చెప్పేదాన్ని. ఆ తేదీన ఏటా సేమ్యా పాయసం చేసేవాళ్ళం. పుట్టినరోజు వేరే ఉండేది. "చెల్లికి రెండు పండగలు, మాకొక్కటేనా?" అని మిగతా ఇద్దరూ గొడవ చేసేవాళ్ళు. పాయసం మాత్రం అందరికీ సమానమే.

చిన్నప్పుడు చెప్పినంత మాత్రాన అయిపోదు. వయసు మారినప్పుడల్లా ప్రశ్న కూడా మారుతుంది. ఏడేళ్ళకు "ఆ అమ్మ ఎలా ఉంటుంది?" అంది. పదమూడేళ్ళకు "ఎందుకు వదిలేసింది?" అంది. నాకు తెలియని దానికి కథ కట్టలేదు. తెలిసింది మాత్రం చెప్పాను. బీదరికం ఉన్న ఇళ్ళున్నాయి, ఆడపిల్ల పుడితే తల్లినే తిట్టే ఇళ్ళున్నాయి, మగవాడు వదిలేసి వెళ్ళిపోయిన ఇళ్ళున్నాయి. వాటిలో ఏది మీ అమ్మ ఇల్లో తెలియదు. నిన్ను బతికే చోట వదిలింది, అది మాత్రం తెలుసు అన్నాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో చిన్నది మొదటిసారి తనను కన్న తల్లి కోసం ప్రార్థన చేసింది. పేరు తెలియదు గనుక "ఆమె" అంది. మా అత్తయ్య గట్టిగా ఆమేన్ అంది.

గుచ్చుకునే మాటలు

మన తెలుగులో 'పెంపుడు' అన్న మాట ఉంది. పెంపుడు కొడుకు, పెంపుడు కూతురు అని తరతరాలుగా వాడుతున్నాం. అందులో చిన్నచూపు ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. చిన్నది ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒక పెళ్ళిలో చుట్టాలావిడ "ఇది వీళ్ళ పెంపుడు పిల్ల" అని ఎవరికో చూపించింది. ఇంటికొచ్చాక చిన్నది, "అమ్మా, ఎదురింటి వాళ్ళ పెంపుడు కుక్కా, నేనూ ఒకటేనా?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట లేదు. చెప్పాల్సి వస్తే "పెంచుకున్నాం" అంటాం. పని మేం చేశాం గనుక ఆ మాట మాకు తగలాలి గాని, బిడ్డకు బిరుదులా తగిలించకూడదు.

పదో తరగతిలో ఇంకొకటి. సైన్సు పాఠంలో భాగంగా ఇంట్లో అందరి బ్లడ్ గ్రూపులు పట్టిక రాసుకు రమ్మన్నారు. నాదీ మావారిదీ ఓ గ్రూపు. తల్లిదండ్రులిద్దరిదీ ఓ అయితే బిడ్డలది కూడా ఓ కావాలి. చిన్నదానిది బి. పట్టిక చూసి టీచరు, "తప్పు రాశావు, ఇంట్లో మళ్ళీ అడిగి రా" అన్నారట. చిన్నది లేచి నిలబడి, "తప్పు కాదు మిస్, నన్ను పెంచుకున్నారు" అంది. క్లాసంతా నిశ్శబ్దం. ఇంటికొచ్చాక మాత్రం అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు నేను వెళ్ళి ఆ టీచరుతో మాట్లాడాను. తోటి పంతులమ్మనే గనుక ఆవిడ సావధానంగా విన్నారు. పాఠం అవసరమే, కాని పిల్లల ఇళ్ళే ఉదాహరణలు కానక్కర్లేదు. పుస్తకంలో ఒక ఊహా కుటుంబాన్ని పెట్టి అదే లెక్క చేయించవచ్చు. తండ్రి లేని పిల్లలు, తాతల దగ్గర పెరిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నా తరగతిలోనూ వంశవృక్షం గీయించే చోట "మీ ఇంట్లో ఎవరెవరుంటారో గీయండి" అని మార్చుకున్నాను. పాఠం ఏమీ తగ్గలేదు.

మాతృభాష గడిలో ఏం రాయాలి?

ఇది మన పత్రిక చదివేవారికి ముఖ్యమైన సంగతి. రాష్ట్రం బయట ఉన్న తెలుగు వాళ్ళకు ప్రతి ఫారంలోనూ మాతృభాష గడి దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మా చిన్నదానికి ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. ప్లస్ వన్‌లో చేరేటప్పుడు తనే ఫారం నింపుతూ, "అమ్మా, నన్ను కన్న అమ్మ తమిళావిడే అయి ఉంటుంది. మరి నా మాతృభాష ఏది?" అంది.

జనాభా లెక్కల వాళ్ళు దీనికి ఒక నిర్వచనం పెట్టుకున్నారు. బాల్యంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాషే మాతృభాష. పసితనంలోనే తల్లి చనిపోతే ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. అంటే రక్తం భాష కాదు, చెవిన పడ్డ భాష. అది విని చిన్నది, "అయితే నాయనమ్మ తిట్లే నా మాతృభాష" అని నవ్వుతూ తెలుగు అని రాసింది. తమిళం కూడా వదల్లేదు. తమిళంలో మా ముగ్గురిలోకీ దానికే ఎక్కువ మార్కులు. తనను కన్న తల్లి ఎప్పుడైనా ఎదురైతే ఆమెతో మాట్లాడే భాష తనకు రావాలని ఒకసారి అంది. అందులో నాకు నొచ్చుకోవాల్సిందేమీ కనిపించలేదు. రెండు భాషలకు నోట్లో చోటున్నప్పుడు ఇద్దరు తల్లులకు మనసులో చోటుండదా?

వీలునామా

2012 డిసెంబరులో చిన్నదానికి పద్దెనిమిది నిండాయి. కోర్టు కాగితం ప్రకారం ఆ రోజుతో మా గార్డియన్ పాత్ర ముగిసింది. మా అందరికీ అదొక మామూలు రోజే. కేకు కోసింది, అన్న ముఖానికి క్రీము పూసింది. కాని మావారు రాత్రి ఆ పాత కాగితం తీసి చూసుకుంటూ కూర్చున్నారు.

అంతకు కొద్ది నెలల ముందే ఊళ్ళో మామగారి పొలం పంపకాల మాట వచ్చింది. మా వాటాకు వచ్చేది ఎకరంన్నర. "మీ తర్వాత అది మీ ఇద్దరు పిల్లలదేగా" అని దాయాది ఒకాయన మాట వరసకు అన్నట్టు అన్నాడు. ఆయన అన్నది చట్టం ప్రకారం నిజమే. 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవుల ఇళ్ళలో కొడుక్కీ కూతురికీ సమానంగా పంచుతుంది. భర్త పోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమంగా. ఆ చట్టాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. కాని ఆ పిల్లల లెక్కలో మా మూడో పిల్ల లేదు.

అందుకని 2013లో మావారూ నేనూ వీలునామాలు రాశాం. ముగ్గురికీ మూడు సమాన భాగాలు. మా పెద్దవాడు "సాక్షి సంతకం నేను పెడతా, నాకిష్టమేనని అందరికీ తెలియాలి" అని ఉత్సాహపడ్డాడు. వకీలు గారు ఆపారు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, కాని దానివల్ల వాటా పొందేవాడే సాక్షిగా సంతకం పెడితే ఆ చట్టం ప్రకారం అతనికి రాసిన భాగం చెల్లకుండా పోతుంది. వాడి ప్రేమ వాడి వాటాకే ఎసరు పెట్టేది! గుడిలో ఇద్దరు పెద్దలు సాక్షులుగా నిలిచారు. మావాళ్ళు ముగ్గురూ బయట బెంచీ మీద కూర్చుని చెరుకురసం తాగారు.

2014 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు షబ్నం హాష్మీ కేసులో తీర్పు చెప్పింది. ఏ మతం వారైనా బాలల న్యాయ చట్టం కింద బిడ్డను దత్తత తీసుకోవచ్చని స్పష్టం చేసింది. ఆమె ఆ పిటిషన్ వేసింది 2005లో. 2000 నాటి బాలల న్యాయ చట్టంలోనే దారి ఉంది, 2006 సవరణ దాన్ని వెడల్పు చేసింది, 2014 తీర్పు అనుమానాలు తీర్చింది. ఆ వార్త చదివే నాటికి మా చిన్నదానికి పద్దెనిమిది దాటి ఏడాది పైనే అయింది. మావారు పేపరు మడిచి, "మనకు రైలు వెళ్ళిపోయాక టిక్కెట్టు దొరికింది" అన్నారు. చిన్నది, "నేను మీతోపాటు రైలెక్కి ఇరవయ్యేళ్ళయింది నాన్నా, ఇంక టిక్కెట్టెందుకు?" అంది.

రెండో తరం

మా పెద్దవాడు బెంగుళూరులో ఉంటాడు. వాడికి 2012లో కొడుకు పుట్టాడు. 2019లో వాడూ కోడలూ ఐదేళ్ళ ఆడపిల్లను దత్తత తెచ్చుకున్నారు. బిడ్డ ఒడిశా నుంచి వచ్చింది. ఈసారి కాగితం చూస్తే కళ్ళు చెమర్చాయి. తండ్రి, తల్లి అని వాళ్ళ పేర్లే ఉన్నాయి. జనన పత్రం కూడా వాళ్ళ పేర్లతోనే వచ్చింది. కన్నబిడ్డకున్న హక్కులన్నీ ఆ బిడ్డకున్నాయి.

కాగితం సులువైంది గాని, ఇంట్లో పని ఎక్కువైంది. మూడు నెలల బిడ్డ వేరు, ఐదేళ్ళ బిడ్డ వేరు. తనకొక జ్ఞాపకం ఉంది, భాష ఉంది, భయాలున్నాయి. మొదటి నెలంతా అన్నం ముద్దలు, బిస్కట్లు దిండు కింద దాచేది. తిట్టవద్దని కోడలికి చెప్పాను. తలగడ పక్కనే ఒక డబ్బా పెట్టి, "ఇది నీ డబ్బా, ఎప్పుడూ నిండి ఉంటుంది" అని రోజూ రాత్రి దాని ఎదుటే నింపింది. మూడు నెలలకు దాచడం మానేసింది. 'పాణి' అంటే నీళ్ళని, 'భాత' అంటే అన్నమని మేమూ నేర్చుకున్నాం. అదే అపార్టుమెంటులో ఉన్న ఒరియా కుటుంబం ఆదివారాలు వచ్చి దానితో కబుర్లు చెప్పేవాళ్ళు.

మా మనవడికి ఏడేళ్ళు. వారం రోజులు బాగానే ఉన్నాడు. తర్వాత, "ఈ పాప వాళ్ళింటికి ఎప్పుడెళ్తుంది?" అన్నాడు. కొత్తబిడ్డ మీద శ్రద్ధ పెరిగితే ఉన్నబిడ్డ గుండెలో గుబులు పుడుతుంది. వాడికోసం శనివారం పొద్దున వాళ్ళ నాన్న ఒక గంట కేటాయించాడు. ఇద్దరే పార్కుకు వెళ్ళి ఇడ్లీ తిని రావడం. ఆ గంట ఏ కారణంతోనూ మానలేదు.

అన్నిటికంటే మందులా పనిచేసింది మా చిన్నది. బ్యాంకులో సెలవు పెట్టి కోయంబత్తూరు నుంచి వచ్చి పది రోజులుంది. ఆ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన చిన్ననాటి ఫొటోలు చూపిస్తూ, "అత్త కూడా నీలాగే ఇంటికొచ్చింది" అని చెప్పింది. పాప ఆ ఫొటోనూ, అత్త ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "వెళ్ళిపోలేదా?" అని అడిగింది. మా ఇంటికొచ్చాక దాని నోటి నుంచి వచ్చిన మొదటి తెలుగు ప్రశ్న అదే. "లేదు, ఇక్కడే పెద్దదాన్నయ్యాను" అంది మా చిన్నది.

పెంచుకోదలచిన వారికి

క్రైస్తవులకు అనాథ శిశువుల సేవ కొత్త కాదు. మహారాష్ట్రలో పూణే దగ్గర కేడ్గాఁవ్‌లో పండిత రమాబాయి 1890ల కరువులో వందల ఆడపిల్లలకు నీడనిచ్చారు. తమిళనాడులో దోనావూరులో ఏమీ కార్మైకేల్ 1901 నుంచి 1951లో కన్నుమూసేదాకా పిల్లల్ని సాకారు. ఆ చేతులకు దండం పెట్టాల్సిందే. కాని సంస్థ ఎంత మంచిదైనా, బిడ్డకు ఇల్లు దొరికే వీలున్నప్పుడు ఇల్లే మేలు. పౌలు పత్రికల్లో 'దత్తపుత్రాత్మ' అన్న మాట వినే మనం, ఆ మాటకు ఇంట్లో అర్థం ఏమిటో కూడా ఆలోచించాలి.

నిబంధనలు క్లుప్తంగా చెబుతాను. దత్తతకు కేంద్రప్రభుత్వపు 'కారా' సంస్థ దగ్గర ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. భార్యాభర్తలైతే రెండేళ్ళ కాపురం నిండాలి, ఇద్దరి అంగీకారం ఉండాలి. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డకు దంపతుల వయసులు కలిపి 85 మించకూడదు, రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు 100, ఆపైన 110. బిడ్డకూ తల్లిదండ్రులకూ మధ్య 25 ఏళ్ళ తేడా ఉండాలి. ఇప్పటికే ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న వారికి ప్రత్యేక అవసరాలున్న, లేదా ఇల్లు దొరకడం కష్టంగా ఉన్న పిల్లల్నే ఇస్తారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మెజిస్ట్రేటు. బిడ్డ వచ్చాక రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు. వాళ్ళను తనిఖీ అధికారుల్లా కాక, సలహా అడగదగ్గ మనుషుల్లా చూడండి.

ఆస్పత్రిలో ఆయా ఇప్పిస్తానందనో, తెలిసిన వాళ్ళ ద్వారా దొరికిందనో బిడ్డను తెచ్చుకోకండి. ఎంత మంచి మనసుతో తెచ్చుకున్నా అది నేరం. డబ్బు చేతులు మారితే ఐదేళ్ళ దాకా కఠిన శిక్ష పడవచ్చు. అంతకంటే పెద్ద నష్టం, ఏదో ఒక రోజు ఆ బిడ్డ మీ చేతుల్లోంచి వెళ్ళిపోవచ్చు.

పాత రోజుల్లో గార్డియన్ కాగితంతో పిల్లల్ని పెంచిన క్రైస్తవ కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. వాళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయి ఉంటారు. వీలునామా రాయకపోతే ఈ వారమే రాయండి. మన తర్వాత ఆ బిడ్డ ఎవరి ముందూ నిలబడి "నేనూ వాళ్ళ బిడ్డనే" అని రుజువు చూపించుకోవాల్సిన అవసరం రాకూడదు.

వివరాలు కావలసిన వారు సంపాదకుల ద్వారా నాకు ఉత్తరం రాయండి. తెలుగులో రాసినా, తమిళంలో రాసినా జవాబిస్తాను. ఒరియాలో రాస్తే మా మనవరాలి చేత చదివించుకుంటాను. అది రెండు అక్షరమాలలూ నేర్చుకుంటోంది.